కార్ల్ సార్ కొడుకు ఆఖరి ఆట

షినాస్, ఒమాన్

అక్కకు, బావకు మీ తమ్ముడు గంగారాం దండాలు పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను కులాసాగా ఉన్నాను. దగ్గు, జలుబు కూడా లేవు. అక్కా, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావ చేతికట్టు డాక్టరు చెప్పకముందే విప్పేసి నాగలి పట్టాడని మా ఇంటిది రాజమణి రాసింది. బావా, ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించేది నువ్వే. ఈ ముక్క మింగేయకుండా గట్టిగా చదువు.

ఉగాదికి వస్తానని రాసి రాలేదు. అక్కా, నువ్వు అలిగావని తెలుసు, నా రెండు ఉత్తరాలకు జవాబే లేదు. పండుగనాడు మా బుడ్డోడు శీనుకు కొత్త అంగీ తొడిగి బస్సు దగ్గరికి తీసుకెళ్లారని విన్నప్పుడు నాకు అన్నం దిగలేదు. ఎందుకు రాలేదో అంతా రాస్తాను. విన్నాక తిట్టు.

మా ఐసు ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరు కార్ల్ సార్ అని అమెరికా మనిషి. కంప్రెషరు పని తెలిసినవాళ్లం ఆయనా, ఆయన చేతికింద నేనూ, ఇద్దరమే. మేము చేసే ఐసు గడ్డలు ఇక్కడి జాలర్ల చేపలకు పోతాయి. మెషీన్ ఆగిందంటే ఒడ్డున చేపలన్నీ కుళ్లిపోయినట్టే. అందుకే మా ఇద్దరికీ సెలవంటే పెద్ద గండం.

సార్ కొడుకు వాళ్ల దేశంలో కాలేజీ చదువుతూ ఐసు హాకీ ఆడతాడు. కాళ్లకు ఇనుప పట్టీల బూట్లు తొడుక్కుని, ఐసు మీద జారుతూ, కర్రలతో నల్లటి రబ్బరు బిళ్లను కొట్టే ఆట అది. మొదట విన్నప్పుడు మా అందరికీ ఒకటే అనుమానం, రోజూ అన్ని గడ్డలు మోసేదెవరు అని. పాపం ఆ కూలీల నడుములు అని జాలి కూడా పడ్డాం. సార్ పడీ పడీ నవ్వాడు. పెద్ద హాలులో నేల కింద గొట్టాలు పరిచి, మన కంప్రెషరు లాంటిదే పెట్టి, నేలనే గడ్డ కట్టిస్తారట.

దీపావళి దాటాక అక్కడ ఆటలు మొదలయ్యాయి. రేడియోలో వచ్చే ఆటను సార్ భార్య క్యాసెట్లోకి పట్టి పంపేది. అవి ఎప్పటికో వచ్చేవి. శుక్రవారం అన్నాలు తిన్నాక సార్ టేప్ రికార్డరు పట్టుకుని మా రూముకే వచ్చేవాడు. ఖాజా భాయ్ గురించి ఇదివరకు రాశాను కదా, హైదరాబాదు మనిషి, స్కూల్లో మన హాకీ ఆడినవాడు. ఆయన మాకు అర్థం చెప్పేవాడు. సగం రేడియో చెప్పింది, సగం ఆయన కల్పించింది. అయినా అందరం ఊపిరి బిగబట్టి వినేవాళ్లం.

సార్ కొడుకు గోలు కాపలా. మొదట్లో వాడిని బయటే కూర్చోబెట్టారు. జట్టు ఓడుతూనే ఉండేది, సార్ ముఖం వాడిపోయేది. తర్వాత అసలు గోలు కాపలా పిల్లాడికి కాలు విరిగితే వీడిని దింపారు. ఇక అక్కడి నుంచి వరసగా గెలుపే! రేడియోవాడు ఆ పిల్లాడి ఇంటిపేరు అరిచినప్పుడల్లా మా రూములో ఈలలు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని నాకు ఆ ఇంటిపేరు మాత్రం ఎంత గోలలోనైనా వినబడేది.

ఆ ఆట మాకూ చూపించాలని సార్‌కు మోజు పుట్టింది. కోల్డ్ రూములో గడ్డలు దగ్గరగా పేర్చి, పైన నీళ్లు పోసి, రాత్రికి అద్దంలా గట్టిపడనివ్వమని ఖాజా భాయ్ చేత నాకు చెప్పించి వెళ్లాడు. నేను చెప్పినట్టే చేశాను. తర్వాత నా పాడు అలవాటు ఊరుకోనిచ్చిందా! నిజామాబాదు ఐసు కార్ఖానాలో ఉన్నప్పుడు గడ్డ మీద పొట్టు కప్పకుండా ఇంటికి పోతే సేటు చంపేవాడు. సార్ ముచ్చటపడి చేయించిన ఐసు కదా అని రెండు గోనెల రంపపు పొట్టు మందంగా చల్లి, తృప్తిగా వెళ్లి పడుకున్నాను. తెల్లారేసరికి పొట్టంతా ఐసులో కూరుకుపోయి గరుకు గచ్చు తయారైంది.

"అరే గంగారాం, ఏ క్యా కర్ దియా రే!" అని ఖాజా భాయ్ తల పట్టుకున్నాడు.

"కరగొద్దని జేసిన భాయ్" అన్నాను.

సార్ కాసేపు గుడ్లప్పగించి చూసి, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు. పొట్టు పుణ్యమా అని మేము చెప్పులతోనే జారకుండా పరుగెత్తాం. ఖర్జూరపు మట్టలే కర్రలు, పాత టైరు ముక్కే బిళ్ల. గోలు దగ్గర సార్ నిలబడ్డాడు. ఆట అయ్యాక ఆయన ఆ పొట్టు ఐసు మీదే కూలబడ్డాడు. నవ్వు పోయి నీళ్లు మాత్రం మిగిలాయి. కొడుకుకు చదువు అయిపోతోందట, ఉగాది రోజుల్లోనే ఆఖరి ఆటట, ఇక జన్మలో ఆ జట్టులో ఆడడట. ఒక్కసారైనా కళ్లారా చూడలేదని ఏడ్చాడు. అప్పటికే ఆ రోజుల సెలవు నా పేర ఖాయమైంది. అది తెలిసి ఆయన నన్ను అడగలేదు.

మా ఫ్యాక్టరీ యజమాని అర్బాబ్ మంచి మనిషే. ఖాజా భాయ్‌ని తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. "ఏక్ జాయేగా, దోనో నహీ" అని తేల్చేశాడు. ఇద్దరిలో ఒక్కరే పోవాలి, సార్ పోతే మెషీన్ బాధ్యత అంతా నాదే.

"సార్‌నే పోనియ్యి భాయ్. నాకు పండుగ మల్ల వస్తది. ఆ పిలగాని ఆట మల్ల రాదు" అన్నాను.

"ఒకసారి సోంచాయించుకో. ఇంట్ల ఏం జెప్తవ్?" అన్నాడు ఖాజా భాయ్.

"అక్కకు జెప్త. అక్క జెప్తే రాజమణి ఇంటది."

కాబట్టి అక్కా, రాజమణికి చెప్పే పని నీదే.

సార్ లేనన్నాళ్లూ కంప్రెషరు పక్కనే మంచం వేసుకున్నాను. దాని చప్పుడు కాస్త మారితే గుండె ఆగేది. దేవుడి దయ, గడ్డలు తెల్లగా, బిరుసుగా దిగాయి. జాలర్లు పెద్ద చేపలు ఇచ్చి పోయేవాళ్లు, బాగా తిని ఒళ్లు చేశాను. మెషీన్ నేనొక్కడినే నడిపానన్న గర్వం ఇంకా దిగలేదు.

సార్ తిరిగి వచ్చిన రోజు అందరం గేటు దగ్గర మూగాం. "ఓడిపోయారు" అన్నాడు, కానీ ముఖం వెలిగిపోతోంది. ఆట అయ్యాక కొడుకు బయటికి వచ్చే తలుపు దగ్గర సార్ నిలబడ్డాడట. ఇక్కడి ఎండకు నల్లబడి, చిక్కిపోయి, గడ్డం పెరిగి ఉన్నాడు కదా. ఆ పిల్లాడు ఎవరో పరాయి మనిషి అనుకుని పక్కనుంచి వెళ్లిపోయాడట. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగి చూసి, భుజాన ఉన్న సంచి కింద పడేసి పరుగెత్తుకొచ్చి కావలించుకున్నాడట. ఇది చెప్పి సార్ నా భుజం పట్టుకుని, నీ కొడుకు సంగతేమిటి, ఇక నువ్వు బయలుదేరు అన్నాడు. అర్బాబ్‌తో మాట్లాడి టికెట్ కూడా తీయించాడు.

మిరుగానికి ముందే, తొలకరి వానలు పడేలోపే వస్తున్నాను. బావకు టార్చిలైటు, నీకు దుప్పటి కొన్నాను. ఇంకేమైనా కావాలంటే వెంటనే రాయించు. పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు చెప్పు. ప్రయాణం చల్లగా సాగాలని దీవించు.

ఒక్క సంగతి మాత్రం మరవకు అక్కా. సార్ చేతుల మీద పెరిగినవాడే తండ్రిని పోల్చుకోలేకపోయాడు. నేను వచ్చేటప్పుడు మా శీను ఉయ్యాలలో ఉన్నాడు, వాడికి నేనెవరు? తలచుకుంటే భయమేస్తోంది. నేను వచ్చిన రోజు "బాపు వచ్చిండు, పో" అని వాడిని నా మీదికి తోయకండి. ఏడిస్తే లోపలికి తీసుకుపొండి. నేను వాకిట్లో కూర్చుంటాను. వాడంతట వాడు వచ్చేదాకా, ఎంతసేపైనా కూర్చుంటాను.

నీ తమ్ముడు,
గంగారాం