నీళ్ళు లేని బావిలో సాధన

ఓడ ఉద్యోగాలకు శిక్షణ ఇచ్చే బొంబాయి అయ్యగారికి, ధర్మవరం నేతగాడు నమస్కరించి రాసుకునేది.

ఓడ మునిగితే ప్రాణాలు కాపాడే పడవ దగ్గరికి ఎత్తు నుంచి నీళ్ళలోకి దూకలేకపోయినాడని మీరు ఫెయిల్ చేసి పంపిన లోకనాథ మా కొడుకే. మళ్ళీ పరీక్షకు రావాలని ఈడ సాధన మొదలుపెట్టినాడు. వానలు లేక మా వైపు బావులన్నీ ఎండినాయి. ఒక బావి అడుగున నేనే పశువులకు మేతగా వేసే వేరుశనగ కట్టె మెత్తగా పరిచినాను. మీరు నేర్పినట్టే ముక్కు మూసుకొని, కాళ్ళు దగ్గరగా పెట్టుకొని దూకినాడు. ఇప్పుడు నడుము కింద స్పర్శ లేదు.

“నాయనా, దూకినప్పుడు చెయ్యి ముక్కు మీదనే ఉండె కదా?” అని అదే అడుగుతాండాడు.

అయ్యా, వాడు ఇంక ఏ ఓడా ఎక్కడు. పాసైనాడని ఒక్క ముక్క రాయండి. వానికి చదివి వినిపిస్తాను.