నాగరాణి గడువు పెరిగింది

నా బంగారు తల్లీ నాగరాణీ, నీకు ఇంకో అయిదేళ్ళ సువార్త సేవ మంజూరైంది!

మే నెలలో నువ్వు మలావి దేశం వదిలి రావాల్సిన పని లేదు. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు బిడ్డా. అందుకే కాగితం మీద పెట్టాను. పాస్టరుగారు ఒకసారి చదువుకుని, ఫోటో తీసి నీకు పంపుతానన్నారు.

ఎట్లా జరిగిందో చెబుతాను విను. మొన్న ఆదివారం కోత పండుగ. జొన్న కంకులు, చెరుకు గడలు, కంది కట్టలు గుడి నిండా తెచ్చి పెట్టారు. కోహీర్ నుంచి, న్యాల్‌కల్ నుంచి కూడా వచ్చారు. నెల నెలా నీ ఫోను మైకు ముందు పెట్టి, సంఘమంతా వింటోందని నీకు ముందే చెబుతాం కదా. ఈసారి పాస్టరుగారు, "మైకని చెప్పకు యాకోబు, చెప్తె బిడ్డ వాక్యం చదివినట్టు మాట్లాడ్తది. మనసుల మాట విందాం" అన్నారు. నాకూ నిజమే అనిపించింది.

నువ్వు ఎత్తగానే, "నాయినా, ఒక్కనివే ఉన్నవా?" అన్నావు.

"ఒక్కన్నే ఉన్న బిడ్డా, చెప్పు" అన్నాను. నువ్వు ఏదో పెద్ద సాక్ష్యం చెబుతావనుకున్నాను తల్లీ.

"నాయినా, ఈడ నాకు సేవ లేదు, ఏం లేదు. చీకట్ల లేస్తె పాస్టరమ్మ ఇంట్ల గిన్నెలు, బట్టలు, మొక్కజొన్న దంచుడు. పిల్లలకు పాటలు చెప్త అంటె పని ఒడిసినంక పో అంటది. జెరమొచ్చినా పండనియ్యది. పాస్‌పోర్టు బీరువల పెట్టి తాళమేసింది. మే నెలల నన్ను తోల్కపో నాయినా. ఇంక నేనుండ."

ఇదంతా మైకులో గుడంతా విన్నది. అప్పుడు ముందు కుర్చీలో ఉన్న నర్సప్ప, "ఏం యాకోబు, గిన్నెలు తోమే సువార్తకు మలావి దాంక పోవాల్నా? మా ఇంట్ల తోమితె దేవుడొద్దంటడా?" అన్నాడు. గొల్లున నవ్వారు. చెప్పులు విడిచే కాడ చాప మీద ఇన్నేళ్ళు కూర్చున్నవాణ్ణి, చెరుకు లారీలు నింపి బతికినవాణ్ణి. నన్ను నవ్వితే నవ్వనీ. నిన్ను నవ్వారు బిడ్డా! లేచి మైకు గుంజుకున్నాను.

"నా బిడ్డ అలసింది గని ఓడిపోలే! సంఘం ముంగట మాటిస్తున్న, ఇంకో అయిదేండ్లు ఆడ్నే ఉంటది!"

ఒక్కసారిగా హల్లెలూయ అని గుడి కప్పు లేచిపోయింది. నర్సప్పే ముందు లేచి చప్పట్లు కొట్టాడు. పాస్టరుగారు ఏడుస్తూ నాకు శాలువా కప్పి ముందు వరుసలో కుర్చీ వేయించారు. నీ బదులు పోవాల్సిన స్వప్న పేరు అక్కడికక్కడే తీసేశారు. నీ తిరుగు టికెట్ కూడా వద్దని రాసిచ్చాను. ఇప్పుడు నర్సప్ప ఎదురుపడితే "నమస్తే యాకోబన్నా" అంటున్నాడు. చూశావా తల్లీ, ఎంత కార్యం చేశావో!

పాస్‌పోర్టుకు ఫికర్ చేయకు. పిచ్చిదానా, బంగారాన్ని బీరువాలో కాక బయట పెడతారా? గిన్నెలంటావా, ఆ పాస్టరమ్మ నీకు అమ్మలాంటిదే. జ్వరం వస్తే కాసిన్ని వేడి నీళ్ళు తాగి ప్రార్థన చేసుకో. ఇకనుంచి ఫోనులో ఏడవకు బిడ్డా, మైకు ఎప్పుడు పెడతారో నాకే తెలియదు.

నిన్ను చూసి పొంగిపోతున్న
నీ నాయిన యాకోబు

ఈ శుభవార్త నువ్వే ఫోన్ చేసి చెప్పాల్సినవాళ్ళు: కోహీర్‌లో బస్వమ్మ అత్తకు. మేలో నిన్ను చూడనీకి వస్తామన్న పెళ్ళివాళ్ళను ఆమె ఆపాలి. న్యాల్‌కల్‌లో జగ్గయ్య పెద్దనాయినకు. నీ కోసం విమానం దగ్గరికి జీపు మాట్లాడి పెట్టాడు, వద్దని చెప్పు. పీటర్ మామకు. స్వప్నకు కూడా, పాపం చిన్నబోయి ఉంది.

అందరికన్నా చివర మీ అమ్మకు. ఆ ఆదివారం ఆమె రాయికోడ్‌లో వాళ్ళ చెల్లె ఇంట్లో ఉంది, ఇంకా ఏమీ తెలియదు. నీ పరుపుకు కొత్త దూది పెట్టిస్తోంది. ఉంటానని నువ్వే అడిగావని చెప్పు తల్లీ, నేను చెబితే నమ్మదు. నవ్వుకుంటూ చెప్పు.