తాత్కాలికపు దుంగ

ప్రియమైన చిచ్చరపిడుగుకి,

పెద్ద ఆఫీసరువైనా నిన్నిలాగే పిలుస్తాను, ఏమనుకోకు. వచ్చే నెల నా రిటైర్మెంటు. మన ఆర్కిటెక్చర్ కాలేజీ పాత లైబ్రరీ రిపేర్లు సాగి సాగి ఇప్పటికి ఒడ్డెక్కాయి. ఒక్కటే మిగిలింది. నేను పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరినప్పుడు బాల్కనీ కింద దన్నుగా నిలబెట్టించిన దుంగ ఉందే, అది. దానిమీద "తాత్కాలికం" అని పెయింటుతో రాసింది నేనే. అప్పట్లో నా ఉద్యోగమూ తాత్కాలికమేలే! వెళ్లేలోపు దాన్ని నా చేత్తో తీసేస్తేగాని మనసు కుదుటపడదు. పాత భవనాల పర్మిషన్లు నీ చేతిలోనే కదా, ఇచ్చెయ్.

నీ మాస్టారు

ప్రియమైన మాస్టారికి,

కుదరదండీ. "తర్వాత చేరినదీ భవనం కథే, కంటికి బాగాలేదని పీకెయ్యకూడదు" అని మా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరిందెవరు? ఆ దుంగకు ముప్పై ఏళ్లు దాటాయి. కాపాడవలసినవాటి జాబితాలో చేర్చేశాను. మీ పాఠం మీకే అప్పజెబుతున్నానని కోప్పడకండి. అయినా అది తీస్తే బాల్కనీ నిలుస్తుందా?

మీ మాట వినని
చిచ్చరపిడుగు

చిచ్చరపిడుగూ,

"ప్రియమైన" అని రాయబుద్ధి కావడం లేదు. నీ ప్రశ్నకు జవాబు చెబుదామని ఇంజనీరును వెంటబెట్టుకెళ్లాను. నిచ్చెనెక్కి, దుంగకీ పైన దూలానికీ మధ్య పోస్టుకార్డు దూర్చాను. ఇటు పెడితే అటు వచ్చేసింది.

"దీనిమీద వీసమెత్తు బరువు లేదు సార్. నొక్కుకున్న గుర్తు కూడా లేదు. బాల్కనీ మొదట్నుంచీ తన కాళ్లమీద తనే నిలబడింది" అన్నాడాయన.

ఇన్నేళ్లూ ఆ దుంగతోపాటు నేనూ ఏదో మోశాననుకున్నానమ్మా. జాబితాలోంచి కొట్టెయ్. ఏ పనీ చెయ్యనిదానికి మర్యాదలెందుకు?

మాస్టారు

ప్రియమైన మాస్టారికి,

మీ ఉత్తరం చదివి ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. మొదటి ఏడాది మమ్మల్ని బాల్కనీ ఎక్కి పైకప్పు బొమ్మ గీయమన్నారు, గుర్తుందా? నేను భయపడి మెట్ల దగ్గరే ఆగిపోయాను. మీరు కింద నిలబడి ఆ దుంగను తట్టి, "నేను పెట్టించిందే, ఎక్కు తల్లీ!" అన్నారు. ఎక్కాను. నా తర్వాత ప్రతి ఏడూ పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు. బాల్కనీకి దన్ను అక్కర్లేదేమోగాని, మాకు అక్కర్లేదని ఏ ఇంజనీరు చెప్పాడండీ?

దుంగ ఉంటుంది. జాబితాలో దాని ఉపయోగం అన్నచోట "ఎక్కేవాళ్ల ధైర్యానికి" అని రాశాను. మా పైఅధికారి కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. కొట్టెయ్యలేదు.

మీ రిటైర్మెంటు రోజున వస్తున్నాను. ఈసారి మీరు పైకెక్కండి. నేను కింద దుంగ దగ్గర నిలబడతాను.

ఎప్పటికీ మీ
చిచ్చరపిడుగు