గురువారం పలికే సర్వర్

జనవరి 14, మంగళవారం

పొద్దున ఆఫీసుకి రాగానే తెర నిండా ఒకటే వరస. "సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్." కొండ మీది భూకంప కేంద్రంలో ఉన్న సర్వర్ నుంచి ఫైళ్లు ఆగిపోయాయి. వైరు తెగి ఉంటుందిలే అని టీ పోసుకున్నాను. సగం తాగేసరికి కబురొచ్చింది, కనుమలో మంచుచరియ విరిగిపడిందని. కేంద్రంలో ఉన్నది ఒక్కడే. నా మొగుడు ఇలియాజ్. రేడియోలోనూ పలకడం లేదు.

జనవరి 15

మా ఆఫీసు పెద్ద మీర్లాన్‌ని బైకే, అంటే అన్న, అని పిలుస్తాం. మంచివాడే, ఓపికే తక్కువ. గాలి తగ్గేదాకా హెలికాప్టర్ లేవదన్నాడు. ఆ తర్వాత మెల్లగా అసలు సంగతికి వచ్చాడు. పలకని సర్వర్ కోసం చూస్తూ మిగతా కేంద్రాల పని కూడా ఇరుక్కుపోతోందట, దాన్ని మన కంప్యూటర్‌కి కలిపి ఉంచిన ఆ మౌంట్ తీసెయ్యమ్మా అన్నాడు.

తియ్యనన్నాను. దాన్ని హార్డ్‌గా మౌంట్ చేసింది ఇలియాజే. సాఫ్ట్‌గా పెడితే కంప్యూటర్ నాలుగుసార్లు అడిగి వదిలేస్తుంది. హార్డ్‌గా పెడితే జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. నేను ఇంటికి లేటుగా వస్తే నువ్వు ప్రాణం తీసినట్టు అని అప్పట్లో నవ్వాడు.

జనవరి 16, గురువారం

గురువారం కదా, సాయంత్రం మా అత్తగారు బూబూష్ అపా పోయినవాళ్ల కోసం నూనెలో రొట్టెలు వేయించింది. వాళ్లకు వాసన చేరితే చాలు, అదే తిండి. ప్రార్థనలో మామగారి పేరు చెప్పి, ఆ వెంటనే కొడుకు పేరు కూడా చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్నవాడికి వాసన పెడతావేంటి అపా అని అరిచాను. ఆవిడ రొట్టె తిరగేస్తూ, వాడెక్కడున్నాడో నాకేం తెలుసే, ఎక్కడున్నా తినాలిగా అంది.

జనవరి 17

నిన్న సాయంత్రం కాసేపు "సర్వర్ ఓకే" అని వచ్చింది. కంప్యూటర్ రాసుకునే లాగ్‌లో ఉంది. సరిగ్గా అపా మూకుడు పొయ్యి మీద పెట్టిన వేళకి. మళ్లీ మాయం.

బతికే ఉన్నాడు.

జనవరి 23, గురువారం

ఆఫీసులోనే కూర్చున్నాను. పొద్దు వాలుతుండగా ఓకే అంది. ఆగిన ఫైళ్లన్నీ ఒక్కసారిగా కనిపించాయి. కొత్తది తెరిచాను, ఈ రోజుదే. నేల కదలికల గీత మీద చిన్న చిన్న ముళ్లు. అడుగులు. ఎవరో గది చుట్టూ తిరుగుతున్నారు. ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా. ఇలియాజ్ గుర్రం మీంచి పడ్డప్పటి నుంచీ కుంటుతాడు.

మీర్లాన్ బైకేని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మంచు సర్దుకుంటోందమ్మా అన్నాడు. మంచు ఎక్కడైనా కుంటుతుందా బైకే అన్నాను. వెళ్లి హెలికాప్టర్ వాళ్లకి మళ్లీ ఫోన్ చేశాడు. కొండ మీద ఇంకా తుఫానేనట.

ఇంటికొచ్చేసరికి ఇల్లంతా నూనె వాసన. సర్వర్ పలికిన వేళకే వేయించి ఉంటుంది; గుమ్మంలోనే ఆగిపోయాను.

జనవరి 30, గురువారం

ఇవాళ వేయించొద్దు అపా, ఒక్క వారం అని బతిమాలాను. ఎందుకని అడగలేదు. మూకుడు తీసి మళ్లీ గూట్లో పెట్టేసింది.

తెర ముందు కూర్చున్నాను. ఓకే అను, రొట్టెలు లేకపోయినా ఓకే అను అని పైకే అన్నాను. చీకటి పడింది. స్టిల్ ట్రయింగ్. స్టిల్ ట్రయింగ్.

ఇంటికి వెళితే అపా వెలిగించని పొయ్యి ముందు కూర్చుని ఉంది. పిల్లాణ్ణి పస్తు పెట్టాం కదే అంది.

ఫిబ్రవరి 4

ఆకాశం తేరుకుంది. హెలికాప్టర్ వెళ్లింది.

పైకప్పు మొదటి రోజే కూలిందట. మంచం మీదే ఉన్నాడట, నిద్రలోనే పోయి ఉంటాడని డాక్టర్ అన్నాడు. లేచి నడిచే ప్రశ్నే లేదట. సర్వర్‌ని సంచిలో తెచ్చారు, నుజ్జు నుజ్జయింది. ఆఫీసులో నా గది బయట వసారాలో పెట్టారు. నీకు చేతనైనప్పుడు ఆ మౌంట్ తియ్యమ్మా అన్నాడు మీర్లాన్ బైకే. అడుగుల మాట ఇద్దరం ఎత్తలేదు.

ఫిబ్రవరి 5

సమాధి చేశాం. నేల గడ్డకట్టి పలుగు దిగలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

రొట్టెలు నేనే వేయించాను. అపా పక్కన కూర్చుంది. పోయినవాళ్ల వరసలో అతని పేరు చెప్పాను. నోరు తిరగడానికి చాలాసేపు పట్టింది. వేడి నూనె చేతి మీద చింది, ఆ వంక పెట్టుకుని ఏడ్చాను.

ఫిబ్రవరి 7

మౌంట్ తీద్దామని వెళ్లాను. సంచి వసారాలోనే ఉంది, మూతి కట్టేసి. అయినా నిన్న సాయంత్రం, రొట్టెలు వేయించిన వేళకి, లాగ్‌లో ఓకే.

తీసే ముందు ఆ అడుగుల ఫైలు ఒక్కసారి తెరవబోయాను. "స్టేల్ ఫైల్ హ్యాండిల్." నువ్వు పట్టుకున్నది ఇప్పుడిక్కడ లేదు అని.

పలకని సర్వర్‌కి ఆ మాట అనడం కుదరదు. అవతల ఎవరో చూసి, లేదని చెప్పాలి.

మౌంట్ తీశాను. మొరాయించకుండా, అవతల ఎవరో వదిలేసినట్టు, ఒక్కమాటకే ఊడి వచ్చేసింది.