అడ్రసులో లేడు

4 మార్చి 2004

మేజర్ విడోసవ్‌ని పట్టి పంపమని హేగ్‌లోని యుద్ధనేరాల కోర్టు మా ప్రభుత్వాన్ని మళ్ళీ అడిగింది. ఇది ఆరోసారి. ఆ కాగితం మినిస్ట్రీకి వచ్చి, అక్కణ్ణుంచి మా జిల్లా కోర్టుకి వచ్చి, చివరికి బంట్రోతునైన నా సంచిలో పడింది. పెద్దలు తన్నుకుంటూ వచ్చిన బంతి నా కాళ్ళ దగ్గర ఆగింది.

విడోసవ్ ఇంటి బెల్ కొట్టాను. వాడి పెళ్ళాం స్లావొయ్కా తలుపు సందులోంచి, ఆయన మొహం చూసి ఐదేళ్ళయింది మిలాదిన్, బతికున్నాడో చచ్చాడో కూడా తెలీదు, అంది. వెనక తీగ మీద మగవాడి డ్రాయర్లు ఆరుతున్నాయి. బాగా ఒళ్ళు చేశావు వదినా, అవి నీవేనా, అన్నాను. తలుపు నా ముక్కు మీద పడింది.

అడ్రసులో లేడు అని రాసి, ఇద్దరు పొరుగువాళ్ళ చేత సంతకం పెట్టించాను. ఉద్యోగం ఉండాలంటే చూసింది కాదు, చెప్పింది రాయమని జడ్జిగారు మొదటిసారే చెప్పాడు.

అదే రోజు, సాయంత్రం

వాడు ఉన్నాడా అని మా ఆవిడ సబీరా అడిగింది. ఇల్లు ఖాళీ అన్నాను. దాని తమ్ముడు రిఫాత్‌ని విడోసవ్ మనుషులు యుద్ధంలో బస్సులోంచి దించి తీసుకెళ్ళి పదకొండేళ్ళు. ఎక్కడ పూడ్చారో ఆ మేజర్‌కే తెలుసు. వాడు దొరికితే చెప్తాడనీ, నాలుగు ఎముకలైనా ఇస్తే నమాజు చదివించి మట్టిచేస్తాననీ దీని ఆశ. పోనీలే, ఎప్పటికైనా ఇంటికే వస్తాడుగా, నువ్వు వెళ్తూ ఉండు, అంది.

19 జూన్

ఏడోసారి. లేడు. బల్ల మీద కాఫీ కప్పులు రెండు.

2 సెప్టెంబరు

నేను సంతకం పెట్టకుండా నిజం బయటపడాలి. ప్రెస్సులో దోస్తుకి ఒక సీసా ప్లమ్ సారా ఇచ్చి విడోసవ్ చావు కాగితాలు ఇరవై అచ్చేయించాను. నల్ల అంచు, సిలువ, ఫొటో, అంత్యక్రియలు ఈరోజు రెండింటికి. పొద్దున్నే ప్రతి స్తంభానికీ అంటించాను. మా ఊళ్ళో మనిషి చచ్చాడనడానికి డాక్టరు అక్కర్లేదు, స్తంభం చాలు.

అదే రోజు, మధ్యాహ్నం

ముసలమ్మలు నల్ల రుమాళ్ళు కట్టుకుని, కొవ్వొత్తులూ, పోయినవాళ్ళ పేరిట పెట్టే ఉడికించిన గోధుమలూ పట్టుకుని ఆ ఇంటి ముందు బారులు తీరారు. స్లావొయ్కా వీధికెక్కింది. మీ నోట్లో మన్ను పడ, చచ్చేది మీ మొగుళ్ళు, నా మొగుడు ఇప్పుడే రెండు గిన్నెల చిక్కుళ్ళు మెక్కి పడుకున్నాడు, అని అరిచింది. ఒక ముసలమ్మ, అయితే ఈ గోధుమలు కూడా పెట్టు తల్లీ, లేచాక తింటాడు, అంది. కడుపు పట్టుకుని నవ్వాను.

గుంపులో సబీరా ఉంది. అది నవ్వలేదు.

6 సెప్టెంబరు

వీధంతా విన్నాక రాజధాని కదలక తప్పలేదు. రేపు పదింటికి వస్తున్నాం అని ముందురోజే ఆ ఇంటికి ఫోన్ చేసి మరీ వచ్చారట పోలీసులు. వెంట కెమెరాలు. మంచం ఖాళీ. టీవీలో మంత్రిగారు, కోర్టుకి పూర్తిగా సహకరించాం, అన్నాడు.

విడోసవ్ ఏ కొండ దాటాడో. రిఫాత్ జాడ వాడితోనే పోయింది. నా వేళాకోళమే వాణ్ణి లేపి పంపింది.

7 సెప్టెంబరు

సబీరాకి చెప్పేశాను. కాగితాలు అంటించింది నేనేననీ, ఏడుసార్లూ వాడు లోపలే ఉన్నాడని నాకు తెలుసనీ. కొడుతుందనుకున్నాను. రొట్టె కోస్తున్నదల్లా కత్తి ఆపింది. వాణ్ణి పట్టించలేదు, సరే, ఉద్యోగం భయం. ఏడుసార్లు ఆ గుమ్మంలో నిలబడ్డావే, మా తమ్ముణ్ణి ఎక్కడ పెట్టావురా అని ఒక్కసారి, తలుపు బయట నుంచైనా అడిగావా, అంది.

13 సెప్టెంబరు

అడగలేదు. అడగొచ్చని తోచనైనా లేదు.