రాతి మీది ఇంటిపేరు

వజ్రకరూరు,
జూలై, 1956.

ప్రేమగల నాయనకు,

నీ చిన్నకూతురు ఇక్కడ కులాసాగా ఉంది. అక్క ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తుందని అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. చదివేటప్పుడు దాన్ని తొందరపెట్టవద్దు.

నువ్వు వెతకమన్న రాయి దొరికింది నాయనా. ఊరికి పడమట, పూర్వం దొరల కంపెనీ వజ్రాల కోసం తవ్వి వదిలేసిన గుంతలున్నాయి. వాటి పక్కనే తుమ్మకంపలో ఒరిగిపోయి ఉంది. ఈ బడికి బదిలీ అయి వచ్చినప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. విటేకర్ అంటే ఎవరికీ తెలియలేదు. దొర గోరీ అంటే చెయ్యి చూపించారు. కంప తొలగించి, కొంగుతో దుమ్ము తుడిచి చూశాను. ఎడ్వర్డ్ విటేకర్ అని ఉంది. దాని కింద ఇంగ్లండులో ఆయన ఊరి పేరు చెక్కినట్టున్నారు గానీ రాయి పెచ్చులు లేచి, ఒక్క అక్షరమూ ఆనడం లేదు. చనిపోయిన సంవత్సరం మాత్రం చదవగలిగాను. 1888. నువ్వు పుట్టిన ఏడే.

మన ఇంటిపేరును మన ఇంట్లో తప్ప మరెక్కడా రాసి ఉండగా నేను చూడలేదు. రాతి మీద చూసేసరికి ఎవరో పిలిచినట్టయింది. మీ రైలింజన్ల షెడ్డు లోకో ఫోర్‌మన్ భార్య ఇంగ్లండుకు వెళ్ళిపోతూ నీతో చెప్పిందే, విటేకర్ అంటే పాత ఇంగ్లీషులో తెల్లచేను అని, ఆ దేశంలో ఉత్తరం వైపు ఈ పేరుగల వాళ్ళు చాలామంది ఉన్నారని. నేను లేచి నిలబడి చుట్టూ చూశాను. ఇక్కడ తెల్లగా ఉన్నది ఎండ ఒక్కటే. వాన జాడ లేదు. విత్తనం కాయలు ఒలిచి పెట్టుకుని జనం ఆకాశం వైపు చూస్తున్నారు.

ఆ ఊరి పేరు తెలిస్తే అక్కడి చర్చికి జాబు రాయించాలని నీ ఆశ. మీవాడి కొడుకు ఒకడు ఇక్కడ బతికే ఉన్నాడని వాళ్ళకు తెలియజేయాలని. ఎందుకో నువ్వు చెప్పలేదు గానీ నాకు తెలుసు. రైల్వే దొరల క్లబ్బు ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ నాడు అందరూ లోపలికి పోతుంటే, నీ పేరు అడిగి, నీ రంగు చూసి, నవ్వి వాకిట్లో నిలబెట్టిన రోజు నేనూ నీ పక్కనే ఉన్నాను. ఊరి పేరు కోసం ఇంకా ప్రయత్నిస్తాను.

ఇంకొక సంగతి. నేను రాయి దగ్గర ఉండగా కట్టెలమోపుతో ఒక ముసలామె వచ్చింది. ఎవరి బిడ్డవని అడిగింది. గుంతకల్లు యేసన్న కూతురినన్నాను. మోపు కింద దించి నన్ను చాలాసేపు చూసి, మళ్ళీ ఎత్తుకుని పోయింది. పేరు కదిరమ్మ అట. వయసును బట్టి దొరను చూసే ఉంటుంది. పోయి కనుక్కుంటాను.

కళ్ళల్లో మందు మానవద్దు.

నీ కూతురు,
మార్త విటేకర్.


వజ్రకరూరు,
ఆగస్టు, 1956.

అక్కా,

ఇది నువ్వు ఒక్కదానివే చదువుకో. నాయనకు చెప్పాలో వద్దో నాకు పాలుపోవడం లేదు. అసలు రాయకూడదనే అనుకున్నాను. కానీ బడిలో పాఠం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను.

ఆదివారం కదిరమ్మవ్వ గుడిసెకు పోయాను. కూర్చోమని కూడా అనలేదు, జొన్నలు చెరుగుతూనే ఉంది. విటేకర్ దొరను చూశావా అవ్వా అని అడిగాను. చూసినా అంది. మా నాయన ఆయన కొడుకే కదా అన్నాను. అప్పుడు చేట పక్కన పెట్టింది.

"మీ నాయనను కన్నోడు మా బావ సుంకప్ప. దొర కాదు" అంది.

అక్కా, మారెక్క అని ఒక మనిషి ఉండేది. ఈ కదిరమ్మకు తోడబుట్టిన అక్క. ఆమె, భర్త సుంకప్ప ఇద్దరూ దొరల గుంతలో మట్టి మోసేవాళ్ళు. కదిరమ్మవ్వకు అప్పటికి పనికి పోయే ఈడు కూడా లేదు, అక్కకు సంగటి తీసుకుపోయి ఇచ్చి వచ్చేదట. ఆ ఏడు చాలా కాలం తర్వాత గట్టి వాన పడింది. గుంతలో నీళ్ళు ఊరుతున్నాయని దొర స్వయంగా దిగాడు. వెంట సుంకప్పను తీసుకుపోయాడు. నానిన గోడ కూలి ఇద్దరి మీదా పడింది. మారెక్క గట్టు మీదనే ఉంది, గర్భిణి. ఊరంతా కలిసి తవ్వారు. దొర శవం బయటపడింది.

"దొర దొరికినాక తవ్వేది ఆపేసినారు. మా బావ ఇంకా ఆ మట్టిలోనే ఉండాడు" అంది అవ్వ.

దొరను ఆ పక్కనే పూడ్చి, ఎక్కడినుంచో రాయి తెప్పించి నిలబెట్టారు. సుంకప్పకు గుర్తు లేదు. గుంత ఎక్కడ మొదలో ఎక్కడ చివరో కూడా తర్వాత తెలియకుండా పోయింది. అందుకని మారెక్క ఆ రాయి దగ్గరే దీపం పెట్టేదట. దొర పడుకున్న చోటికి నాలుగు బారల దూరంలో తన మగడున్నాడని ఆమెకు తెలుసు. చూసేవాళ్ళకు అది దొరకు పెట్టిన దీపంలాగే కనిపించింది. మారెక్క దొర ఉంచుకున్న మనిషి అని నోటికొచ్చినట్టు అన్నారు. అప్పటికి నాయన పుట్టాడు. తండ్రి పేరే పెట్టుకుని సుంకన్నా అని పిలిచేదట.

తర్వాత కరువొచ్చింది. పిల్లవాడు కడుపు ఉబ్బి, కాళ్ళు సన్నబడి, నడవలేని స్థితికి వచ్చాడు. ఒక పాదిరి దొర ఆ దారిన పోతూ రాయి చూసి ఆగాడు. దీపం ఎవరిదని అడిగితే ఊళ్ళోవాళ్ళు మారెక్కను చూపించారు. ఆయన పిల్లవాణ్ణీ, రాయినీ మార్చి మార్చి చూసి, ఈ బిడ్డ ఈ దొర బిడ్డేనా అని అడిగాడు. ఆయన బిడ్డయితే తమ మిషన్ బడి బోర్డింగులో చేర్చుకుంటానన్నాడు. మిగతావాళ్ళకు అప్పటికే చోటు లేదట. కదిరమ్మవ్వ తన అక్క పక్కనే నిలబడి ఉంది. మారెక్క బిడ్డ వైపు చూసింది, తల దించుకుంది, ఊ అంది. అంతే. ఆ ఒక్క "ఊ"తో సుంకన్న యేసన్న అయ్యాడు, మనం విటేకర్లమైనాము.

ఇంత విన్నాక నేను మన ఇంట్లో చెప్పే మాటే చెప్పాను. నాయనను కన్నప్పుడే మా అవ్వ చనిపోయిందట కదా, దాదిగా ఒక ఆయమ్మ పెంచిందట కదా అన్నాను. కదిరమ్మవ్వ నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేను.

అక్కా, నీకు గుర్తుందా, కాయలు పీకే కాలం దాటినాక మూటలో పచ్చి వేరుశెనక్కాయలు తెచ్చి మన వెనక వాకిట మెట్ల మీద కూర్చునేదే ఆయమ్మ. మన తలలు దువ్వి జడలు వేసేది. ఎప్పుడూ గడప దాటి లోపలికి రాలేదు. ఆమె వచ్చిన పూట నాయన షెడ్డులో పని ఉందని వెళ్ళిపోయేవాడు. అమ్మ పాతచీర ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకునేది. నీ పెళ్ళిలో వంటవాళ్ళ వెనక నిలబడి చూసి, వాళ్ళతోపాటే కూర్చుని తిని పోయింది. పెద్ద మనుమరాలి పెండ్లి చూసినానని ఏడాదంతా గేరిలో ఇంటింటికీ చెప్పుకుందట.

ఆమే మారెక్క. మన అవ్వ.

అసలు సంగతి కొడుక్కు ఎందుకు చెప్పలేదు అని అడిగాను. చెప్పమని కదిరమ్మవ్వ ఎన్నోసార్లు పోట్లాడిందట. మారెక్క ఇచ్చిన జవాబు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"దొర కొడుకునని అనుకుంటాండాడు కదిరీ. ఆ ధైర్యంతోనే తెల్లోళ్ళ మధ్య నిలబడినాడు. నేను నోరు తెరిస్తే వానికేం మిగుల్తాది?"

ఆమె పోయి పద్దెనిమిదేళ్ళు కావస్తోంది. గుంతకల్లుకు కబురు పంపారట. మన ఇంటి నుంచి ఎవరూ రాలేదు. ఆ కబురు మనకు చేరిందా అక్కా? ఆమె తల్లి అని నాయనకు తెలుసా? నాకు ఎటు ఆలోచించినా భయంగానే ఉంది.

నీ చెల్లెలు,
మార్త.


గుంతకల్లు,
ఆగస్టు చివర, 1956.

చిట్టి చెల్లెలు మార్తకు,

నీ ఉత్తరం నేను ఒక్కదాన్నే చదువుకుందామని వంటింట్లో కూర్చున్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. నాయన గోడ పట్టుకుని నడిచి వచ్చి, చెల్లెలికేమైంది అన్నాడు. నీకేమీ కాలేదని చెప్పినా నమ్మలేదు. ఉన్నదున్నట్టు చదవమన్నాడు. చదివాను. తప్పు చేశానో ఏమో.

చదవడం అయిపోయాక ఆయన మళ్ళీ గోడ పట్టుకుని తన మంచం దగ్గరకు పోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం నన్ను పిలిచి, ఆయమ్మ తన తల్లి అని తనకు మొదటినుంచీ తెలుసన్నాడు. కబురు కూడా చేరిందట. అప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా షెడ్డుకు పోయి, ఒక ఇంజను కింద దూరి పొద్దుగూకేదాకా బయటికి రాలేదట. బోర్డింగులో పెద్ద పిల్లలు, మీ అమ్మను దొర ఉంచుకున్నాడని రోజూ అనేవారట. ఆ మాట వినీ వినీ తల్లి అంటేనే మనసు విరిగిపోయిందట.

"కులానికి సిగ్గుపడలేదమ్మా. ఆమె అట్లాంటి మనిషి అనుకున్నా. నా కోసం అనిపించుకుందని తెలీదు" అన్నాడు.

నాకు జాలి కలగాలి కదా మార్తా. కలగడం లేదు. కంచంలో అన్నం పెడుతున్నాను, కళ్ళల్లో మందు వేస్తున్నాను, మాట మాత్రం రావడం లేదు. నా పెళ్ళినాడు మన అవ్వ వంటవాళ్ళ బంతిలో కూర్చుని తింటుంటే ఈయన పందిట్లో దండ వేసుకుని నిలబడి ఉన్నాడు. అది నేను ఎట్లా మింగాలో నువ్వే చెప్పు.

ఆయన నీ దగ్గరకు వస్తానంటున్నాడు. పక్కింటి ఓబుళేసు బస్సులో తీసుకువస్తాడు. నేను రాను. నన్ను బలవంతపెట్టవద్దు.

అక్క,
రాహేలు.


వజ్రకరూరు,
సెప్టెంబరు, 1956.

అక్కా,

నాయన క్షేమంగా చేరాడు. ఓబుళేసన్న మరుసటి బస్సుకే వెళ్ళిపోయాడు. నువ్వు రానందుకు నేను నిన్ను ఏమీ అనను. జరిగింది మాత్రం నీకు తెలియాలి.

బస్సు దిగగానే నాయన ఇంటికి పోదామనలేదు, కదిరమ్మ దగ్గరకు తీసుకుపొమ్మన్నాడు. అవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది. చిన్నమ్మా అని పిలిచాడు. ఆమె లేవలేదు. ఆయన చూపు ఆనక, గొంతు వచ్చిన వైపు చేతులు చాచి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"ఇంత దూరం రానీకె నీకు ఇన్నేండ్లు పట్టిందా సుంకన్నా?" అంది.

ఆ పేరుతో పిలిచేసరికి నాయన ఆమె వైపు ముఖం ఎత్తాడు. ఒక్క మాట అడిగాడు. అమ్మ ఎప్పుడైనా తనను తిట్టిందా అని.

"ఒక్కనాడు గూడా తిట్టలేదు. తిట్టింటే నేనన్నా నిన్ను క్షమించేదాన్ని" అంది అవ్వ.

నాయన ఏడ్చాడు. నేను ఆయనను ఏడవగా చూడటం ఇదే మొదలు, అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. అవ్వ ఓదార్చలేదు. కానీ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికి అందించింది.

నీళ్ళు తాగాక, ఈరోజు నుంచి ఆ దొర పేరు నాకు వద్దు, చచ్చేటప్పుడైనా సుంకప్ప కొడుకుగా చస్తానన్నాడు. ఇది విని అవ్వ మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"ఆ పేరు దొర ఇచ్చింది కాదు. మా అక్క మానం పోగొట్టుకొని తెచ్చింది. నీకిష్టమైతే పెట్టుకునేదానికీ, వద్దంటే పారేసేదానికీ అదేమన్నా పాత గుడ్డా?"

ఇంగ్లండులో ఏ ఊరో, ఏ తెల్లచేనో అని ఇన్నాళ్ళూ వెతికాము. ఆ పేరు మనదాకా వచ్చిన దారి ఆ ముసలామె గుడిసె ముందు తెలిసింది.

మరునాడు ఉదయం ముగ్గురం మన అవ్వ మారెక్కను పూడ్చిన చోటు చూడటానికి పోయాము. వాన నీళ్ళు పారే వంక పక్కన పూడ్చామని కదిరమ్మవ్వ ముందే చెప్పింది. పోయి చూస్తే వంక ఎప్పుడో దారి మార్చుకుంది. ఆ నేలలో ఎవరో చెనక్కాయ వేశారు. ఎట్టకేలకు వాన పడింది కదా, మొలక బాగానే వచ్చింది. కదిరమ్మవ్వ అటు నడిచింది, ఇటు నడిచింది, ఒక చోట ఆగింది, మళ్ళీ కాదంది. ఈ పక్కనే యాడో అని చివరికి గట్టు మీద కూలబడింది. నాయన చెప్పులు విడిచి సాళ్ళ మధ్య మెల్లగా నడిచాడు, మొక్కలకు తగలకుండా పాదాలతో తడుముకుంటూ. చివరిదాకా పోయి తిరిగి వచ్చాడు. ఏ చోటో గుర్తుపట్టలేక ఆ చేనంతటికీ కలిపి ఒక్కసారి వంగి నేలను ముట్టుకున్నాడు.

ఇప్పట్లో గుంతకల్లుకు రానంటున్నాడు. నా దగ్గరే ఉంటాడు. కదిరమ్మవ్వ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. పూటకొకసారి ఆమె గుడిసె ముందు కూర్చుని వస్తున్నాడు. ఆమె అప్పుడప్పుడు అక్క మాటలు ఒకటీ అరా చెబుతుంది, లేకుంటే ఊరకే ఉంటుంది. ఆయన దుప్పటి, కళ్ళమందు ఎవరైనా వస్తుంటే పంపించు. నువ్వే తెస్తే సంతోషం. ఆయనతో మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

నిన్న సాయంత్రం ఆ చేని గట్టు మీద మేమిద్దరం ఉండగా, కుళ్ళాయప్ప అనే ఆయన గొర్రెలు తోలుకుంటూ అటు వచ్చాడు. కొత్త మనిషిని చూసి ఆగి, ఎవరప్పా నువ్వు, యాడి మనిషివి అని అడిగాడు. నాయన నా భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మారెక్క కొడుకును" అన్నాడు.

కుళ్ళాయప్ప కర్ర నేలకు ఆనించి గుర్తు చేసుకోబోయాడు. ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవేమో, మన అవ్వ పోయేనాటికి పసివాడు.

"ఏ మారెక్క? మా ఊర్లో ఆ పేరుతో ఎవరూ ల్యారే అన్నా" అన్నాడు.

"ఉండె" అన్నాడు నాయన.

ఆయన తలూపి, గొర్రెలను అదిలించుకుంటూ వెళ్ళిపోయాడు. మంద దూరమయ్యేదాకా నాయన అట్లాగే నిలబడి ఉన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఇల్లు చేరాడు.

నీ చెల్లెలు,
మార్త.