వెలగని బల్బు

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నిన్ను పొట్టన పెట్టుకున్న బోర్డులాంటిదే ఈ రోజు మన తనకల్లు షాపుకు వచ్చింది. బోరు మోటారు నడిపే సోలార్ పెట్టెలోది. అందులో మాడిపోయిన చిన్న ముక్కను ఊడదీసి కొత్తది అతికించాలి.

"పొద్దున్నే వైర్లు పీకేసినా పాపా. చచ్చిన పాము మాదిరి పడుండాది" అన్నాడు రైతు.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే లోపల, గోడకు తగిలించిన నీ పాతరకం బల్బును ఏడాదిలో మొదటిసారి తీశాను. వైర్లు పీకేసినా బోర్డు మీది కండెన్సర్‌లో కరెంటు దాగి ఉంటే బల్బు ఒకసారి వెలిగి, దాన్ని తాగేసి ఆరిపోతుందని నేర్పింది నువ్వే. బల్బు రెండు తీగలూ కండెన్సర్‌కు ఆనించాను. వెలగలేదు. అంటే కరెంటు లేదన్నమాట.

చెయ్యి పెట్టబోయి, నువ్వు పోయాక పట్టుకున్న భయంతో మీటరు కూడా ఆనించాను. మూడు వందల వోల్టులు చూపించింది.

బల్బును వెలుతురుకెత్తి చూశాను. లోపలి తీగ తెగి వేలాడుతోంది.

"వానికి తొందరెక్కువ. బల్బు పెట్టకుండానే చెయ్యి పెట్టినాడు" అని నాయన ఏడాదిగా అందరికీ చెబుతున్నాడు. నేనూ అదే నమ్మాను. నువ్వు పెట్టే ఉంటావన్నా.

నువ్వు పోయే ముందురోజు షాపు ఊడుస్తూ ఆ బల్బును కింద పడేసింది నేనే. గాజు పగల్లేదు కదా అని తుడిచి మళ్ళీ తగిలించాను. నీకు చెప్పలేదు.

"ఏమ్మా, బల్బు ఎలిగిందా?" వాకిట్లోంచి నాయన అడిగాడు.

"ఎలగలేదు నాయనా."

"అట్లయితే భయం లేదులే. చెయ్యి పెట్టు" అన్నాడు.